దొండపాదు పక్కన ఆర్టిచోక్ ఎందుకు పెట్టానంటే

మా పెరట్లో మూడు ఆర్టిచోక్ మొక్కలున్నాయి, విచ్చుకోని పూమొగ్గని కూరగాయలా వండుకునే మొక్క ఇది. మొక్కలంటే కుండీలో తులసిమొక్కలా ఊహించుకోకండి, ఒక్కోటి నా నడుం దాటి పెరిగి, అటు రెండడుగులు ఇటు రెండడుగులు చేతులు చాపుకుని కూర్చుంటుంది, ఆకులేమో మూరెడు పైనే, వెనకవైపు బూడిద రాసినట్టు తెల్లగా ఉంటాయి. మా ఇంటికి భోజనానికొచ్చిన తెలుగువాళ్ళు పెరట్లోకి వెళ్ళగానే ముందు దీని దగ్గరే ఆగుతారు. తర్వాత దాదాపు అందరిదీ ఒకటే మాట, "ఇంత జాగాలో గోంగూర వేసుంటే రెండిళ్ళకి సరిపోయేది కదండీ" అని. ఐదేళ్ళుగా వింటున్నా ఈ మాట. ప్రతిసారీ ఏదో రెండు ముక్కలు చెప్పి వడ్డనలో పడిపోతాను, కానీ నా దగ్గర పూర్తి జవాబు ఉంది, అది ఇవాళ తీరిగ్గా రాస్తున్నా.

మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చిన కొత్తలో నా పెరడంతా మన కూరగాయలే. దొండ, ఆనప, బీర, బెండ, గోంగూర, వంగ. ఇప్పటికీ వేస్తాను, మానెయ్యమని ఎవరికీ చెప్పను కూడా. కానీ నిజం మాట్లాడుకుందాం, ఇక్కడ వాటితో ఎంత తంటా పడతామో పెంచేవాళ్ళందరికీ తెలుసు. మే నెల్లో కూడా రాత్రిళ్ళు చలే, బెండ మొలక రెండాకులేసి అక్కడే ఆగిపోతుంది, దొండ తీగ జులై దాకా కదలదు, సెప్టెంబర్లో కాపు ఊపందుకునేసరికి అక్టోబర్ వచ్చేస్తుంది, ఇంకో నెలకల్లా అంతా నల్లబడి వాలిపోతుంది. కరివేపాకు కుండీ చలికాలం అంతా గరాజ్‌కీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఇదంతా ప్రేమ కొద్దీ చేస్తాం, చెయ్యాల్సిందే. కాకపోతే నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆర్నెల్లు ఆ మడులన్నీ ఖాళీగా పడి ఉండేవి, పైగా మాకు వానలు పడేది సరిగ్గా ఆ ఆర్నెల్లే. పైనుంచి ఊరికే నీళ్ళు పడుతున్నప్పుడు మడి ఖాళీ, చుక్క వాన లేని ఎండాకాలంలో బిల్లు కట్టి మరీ తడపడం. నాకు చాలా ఏళ్ళు ఇందులో తప్పేమీ కనపడలేదు.

మా పక్కింట్లో ఒక ఇటాలియన్ తాతగారు ఉండేవాళ్ళు. వాళ్ళ నాన్నగారు హాఫ్ మూన్ బే దగ్గర పొలాల్లో పనిచేసేవారట. కాలిఫోర్నియాలో ఆర్టిచోక్ సాగు కథ మొదలైందే ఆ పొలాల్లో అనుకోవచ్చు, వందేళ్ళకి ముందే ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు ఆ సముద్రపు ఒడ్డున పెట్టారు. తర్వాత 1922లో ఆండ్రూ మొలేరా అనే భూస్వామి కాస్ట్రోవిల్ దగ్గర, అప్పటిదాకా షుగర్ బీట్ (చక్కెర తీసే దుంప) పండించిన తన భూమిని ఇటాలియన్ రైతులకి ఆర్టిచోక్ కోసం కౌలుకిచ్చాడు, అక్కడినుంచి మాంటెరే కౌంటీ అంతా పాకింది. ఇప్పుడు అమెరికాలో వ్యాపారానికి పండే ఆర్టిచోక్ దాదాపు మొత్తం కాలిఫోర్నియాదే. 2013లో దీన్ని రాష్ట్ర కూరగాయగా కూడా ప్రకటించారు.

ఆ తాతగారు ఒక అక్టోబర్ పొద్దున్న తడి న్యూస్‌పేపర్లో చుట్టి రెండు తెచ్చి నా చేతిలో పెట్టారు. విప్పి చూస్తే అవి పిలకలు. అచ్చంగా అరటి పిలకలు చూసినట్టే అనిపించింది, తల్లి దుంప పక్కనుంచి కాస్త వేరుతో సహా గునపంతో పెకలించిన పిలకలు. మాది రావులపాలెం దగ్గర, నేను పుట్టి పెరిగింది అరటితోటల మధ్య. ఈ మొక్క గురించి అప్పటికి నాకు ఒక్క ముక్క తెలీదు, కానీ ఆ పిలకని ఎలా పట్టుకోవాలో, ఎంత లోతు పెట్టాలో, చుట్టూ మట్టి ఎలా తొక్కాలో నా చేతులకి తెలుసు.

తర్వాత చూస్తే పోలిక అక్కడితో ఆగలేదు. అరటిలాగే దీనికీ ఒక కాండం వస్తుంది, పువ్వేస్తుంది, పువ్వేసిన కాండం పని ఐపోయి ఎండిపోతుంది, మొదట్లోంచి కొత్త పిలకలు లేస్తాయి. ఎండిన కాండాన్ని నేలకి నరికేసి బలమైన పిలకలు రెండో మూడో ఉంచుకుని మిగతావి తీసెయ్యాలి, లేకపోతే గుబురైపోయి చిన్న చిన్న మొగ్గలొస్తాయి. నాలుగైదేళ్ళకోసారి మొత్తం దుంప తవ్వి విడదీసి కొత్త చోట పెట్టుకోవాలి. మనం తినేది కూడా పువ్వునే, విచ్చుకోని మొగ్గని. అరటిపువ్వుకి దొప్పలున్నట్టే దీనికీ దొప్పలు, ఒకదాని మీద ఒకటి. అందుకే "ఇది మనది కాదు కదా" అని ఎవరైనా అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. తెలుగులో దీనికి పేరు లేదు, హిందీలో హాథీచక్ అంటారు, కానీ పని తెలిసిన చేతికి పేరుతో పెద్దగా పనిలేదు.

సరే, జాగా సంగతి. గోంగూరకీ దీనికీ పోటీ అన్నది అసలు లెక్కే తప్పు. ఆర్టిచోక్ మధ్యధరా సముద్రం చుట్టుపక్కల మొక్క, అక్కడ చలికాలంలో వానలు, ఎండాకాలంలో నేల ఎండిపోతుంది, శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల మా బే ఏరియాలోనూ అంతే. అక్టోబర్లో మన తీగలు వాలిపోతుంటే ఇది లేస్తుంది, నవంబర్, డిసెంబర్, జనవరి వానంతా తాగి ఆకు పెంచుతుంది, మార్చి నుంచి మే దాకా కాస్తుంది, జూన్ చివరికి అలిసిపోతుంది. అప్పుడు నేను కాండాలు మొదలుకంటా కోసేసి దానికి నీళ్ళు ఆపేస్తాను, అది పడుకుంటుంది. సరిగ్గా అదే టైములో మన ఆనపతీగకి పాకడానికి జాగా కావాలి, దాన్ని తీసుకొచ్చి దీని మీదకి వదిలేస్తాను. ఆగస్టు చివరిదాకా అక్కడ ఆనపకాయలు వేలాడతాయి, వాటి నీడలో దుంప చల్లగా ఉంటుంది, సెప్టెంబర్లో తీగ పక్కకి జరిపి కంపోస్ట్ వేసి నీళ్ళు మొదలుపెడితే పది రోజుల్లో కొత్త ఆకు. ఒకే మడిలో రెండు పంటలు. ఎండాకాలం నీళ్ళ బిల్లు ఆనపకి కడుతున్నా తప్ప దీనికి కాదు. ఇక్కడ గోంగూర జనవరిలో బయట బతకదు కాబట్టి జనవరిలో గోంగూర జాగా దీనికి పోయిందనడంలో అర్థం లేదు.

ఐతే "నాటి మర్చిపోండి, అదే కాస్తుంది" అని వీడియోల్లో చెప్తారు చూడండి, అది కూడా నిజం కాదు. నా రెండో వసంతంలో, ఆరోగ్యంగా పచ్చగా ఉన్న మొక్క, మధ్యలో మొగ్గ నిమ్మకాయంత ఐంది, పొద్దున్న లేచి చూస్తే మొత్తం సొమ్మసిల్లి పడిపోయి ఉంది. నీళ్ళు తక్కువయ్యాయేమోనని పోశాను. సాయంత్రానికి ఇంకా వాడింది. ఆకు పట్టుకుని లాగితే మొక్క మొత్తం నా చేతిలోకి వచ్చేసింది, కింద వేరు లేదు, కొరికేసిన మొద్దు తప్ప. గోఫర్. మన పందికొక్కులా నేలకింద సొరంగాలు చేసుకుని తిరుగుతుంది, పైకి కనపడదు, దానికి ఆర్టిచోక్ వేరంటే పంచప్రాణాలు. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది. అప్పటినుంచి పిలక నాటేముందు గుంటలో సన్న ఇనప మెష్ బుట్టలా వంచి పెట్టి, అందులో నాటుతున్నా, రెండడుగుల లోతు, అంచు నేలపైకి రెండు మూడు అంగుళాలు. ఈ వేరు లోతుకి పోతుంది కాబట్టి చిన్న బుట్ట పనికిరాదు. ఈ ఒక్క పనికి బద్ధకించకండి, మిగతా ఏ తప్పు చేసినా మొక్క క్షమిస్తుంది.

పేనుబంక వస్తుంది, అది ఖాయం. మొగ్గ దొప్పల సందుల్లో నల్లగా మసిలా పేరుకుంటుంది, చీమలు బారులు తీరాయంటే పేనుబంక ఉందని అర్థం, ఆ తియ్యటి జిగురు కోసం చీమలే దాన్ని కాపలా కాసి పెంచుతాయి. నేను పైపుతో గట్టిగా నీళ్ళు కొడతాను, మరీ ఎక్కువైతే సాయంత్రం పూట వేపనూనె. వానలప్పుడు నత్తలు. రాత్రి టార్చి వేసుకుని ఏరేస్తాను. వండేముందు మొగ్గల్ని తలకిందులుగా ఉప్పునీళ్ళలో అరగంట నానబెడితే లోపలివన్నీ బయటికొచ్చేస్తాయి, కాలీఫ్లవర్‌కి మనం చేసేదే.

విత్తనాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే దెబ్బతింటున్నారు. గ్రీన్ గ్లోబ్ అని ఎక్కడ చూసినా దొరికే రకం ఉంది, మంచి రకమే, కానీ విత్తనంతో వేస్తే తల్లిలా రావాలని లేదు, మామిడి టెంక నాటితే ఏ కాయ వస్తుందో చెప్పలేనట్టే. ఒకటి నున్నటి గుండ్రటి మొగ్గ, ఇంకోటి ముళ్ళ మొగ్గ. పిలకైతే ఆ బాధ లేదు. పిలక దొరక్కపోతే విత్తనానికి ఇంపీరియల్ స్టార్ తీసుకోండి, అది విత్తనంతో వేసి మొదటి ఏడే కాయించుకోడానికని కాలిఫోర్నియా యూనివర్సిటీవాళ్ళు తయారుచేసిన రకం. ఊదారంగు వయోలెట్టో కూడా ఉంది, చూడ్డానికి చాలా బావుంటుంది, మా దగ్గర మాత్రం ఆలస్యంగా, తక్కువగా కాసింది.

దీనికి చలి తగలాలి. ఎంతో కొంత కాలం, రకాన్ని బట్టి వారంన్నర నుంచి ఎక్కువే, 10 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువలో మొక్క గడపాలి, అప్పుడే మొగ్గ వెయ్యాలని దానికి తెలుస్తుంది. మరీ గడ్డకట్టే చలైతే దుంప చచ్చిపోతుంది. మొగ్గ వచ్చాక మళ్ళీ ఎండ మండకూడదు, మండితే దొప్పలు విచ్చుకుని నార తేలిపోతుంది. ఇన్ని షరతులు ఒకే చోట కుదరడం కష్టం కదా, అందుకే కాస్ట్రోవిల్ అంత ప్రత్యేకం. ఒకసారి మా ఆయనా పిల్లలూ నేనూ మాంటెరే వెళ్తూ అక్కడ ఆగాం, జులై నెల, ఫ్రీమాంట్‌లో చెమటలు కక్కి బయల్దేరిన మేము అక్కడ స్వెటర్లు వేసుకున్నాం, సముద్రం మీదనుంచి పొగమంచు పొలాల మీదకి దుప్పటిలా పాక్కుంటూ వచ్చేస్తోంది, ఆ మంచు కింద కనుచూపు మేర ఆర్టిచోక్ వరసలు. ఊళ్ళో ఇరవై అడుగుల కాంక్రీట్ ఆర్టిచోక్ బొమ్మ ఉంది, 1948లో మార్లిన్ మన్రోకి ఇక్కడే ఆర్టిచోక్ క్వీన్ అని కిరీటం పెట్టారని గొప్పగా చెప్పుకుంటారు, 1959లో ఆర్టిచోక్ జాతర కూడా మొదలుపెట్టారు. అక్కడ పిండిలో ముంచి నూనెలో వేయించి ఇస్తారు, మా చిన్నోడు తిని "అమ్మా, బజ్జీ" అన్నాడు. నిజంగానే బజ్జీ.

అందుకే ఇండియా నుంచి విత్తనాలు పంపమని అడిగేవాళ్ళకి వద్దనే చెప్తున్నాను. హైదరాబాద్‌లో డిసెంబర్ రాత్రి కూడా సాధారణంగా పన్నెండు, పదిహేను డిగ్రీలు ఉంటుంది, పగలు ముప్ఫై దగ్గరికి పోతుంది, మార్చి వచ్చేసరికి మంటలు. విజయవాడ, రాజమండ్రి సంగతి చెప్పక్కర్లేదు. మిద్దె మీద కుండీలో ఆకు బ్రహ్మాండంగా వస్తుంది, మొగ్గ రాదు, వచ్చినా ఎండకి నార. ఇక్కడ కోచెల్లా ఎడారిలో రైతులు చలి చాలక జిబ్బరెల్లిక్ యాసిడ్ అనే మొక్కల హార్మోన్ కొట్టి మొగ్గ తెప్పిస్తారు, మన ద్రాక్షతోటల వాళ్ళు కొట్టేదే అది, కానీ ఇంటి పెరట్లో అంత తిప్పలు దేనికి? లంబసింగి, అరకు వైపు ఎవరైనా వేసి చూస్తే మాత్రం నాకు చాలా ఆసక్తి, అక్కడ ఆ చలి ఉంది. న్యూజెర్సీలో, డాలస్‌లో ఉన్నవాళ్ళు నేలలో వదిలేస్తే ఒకళ్ళకి చలి, ఒకళ్ళకి ఎండ, రెండూ చంపేస్తాయి. జనవరిలో ఇంట్లో ఇంపీరియల్ స్టార్ నారు పోసుకుని, గడ్డకట్టే రోజులు పోయాక వసంతం చల్లదనంలోనే ఆ నారు బయటపెట్టి పది పన్నెండు రోజులు చలి తగలనిచ్చి, ఏడాది పంటలా వేసుకోవాలి.

ఇంక కొయ్యడం. మధ్య కాండం మీద వచ్చేది పెద్ద మొగ్గ, దాన్ని కోస్తే పక్కకొమ్మల మీద చిన్నవి వస్తాయి. బజార్లో బేబీ ఆర్టిచోక్ అని అమ్మేవి లేత మొక్కవి కాదు, అదే మొక్కకి కింద ఆకుల నీడలో వచ్చే చిన్న మొగ్గలు, ముదిరినా అంతే ఉంటాయి. మొదటి ఏడాది నేను ఇంకా పెరుగుతుందేమో, ఇంకా పెరుగుతుందేమోనని పెద్దమొగ్గని కొయ్యకుండా కాచుకుని కూర్చున్నా. దొప్పలు విచ్చుకున్నాయి. అప్పుడు కోసి వండితే కొబ్బరిపీచే. దొప్పలు ఇంకా బిగిసి ఉండగానే, మొగ్గ నొక్కితే గట్టిగా కిర్రుమన్నప్పుడే, రెండు మూడు అంగుళాల కాడతో కొయ్యాలి. కాడ పారెయ్యకండి, చెక్కు తీస్తే లోపల తెల్లటిది కూడా పువ్వు అడుగంత రుచి.

స్టోర్లో మూడు డాలర్లకి ఒకటి కొని, ఇంటికి తెచ్చి, ఉడకబెట్టి, "ఏముందండీ ఇందులో" అన్నవాళ్ళు చాలామంది. వాళ్ళు తిన్నది కోసి ఎన్ని రోజులైన మొగ్గో. మొక్కజొన్న పొత్తు చేనులో విరిచి కాల్చుకుని తినడానికీ, వారం తర్వాత తినడానికీ ఉన్నంత తేడా దీనికీ ఉంది. సీసాలో వెనిగర్లో వచ్చే ముక్కలైతే పిజ్జా మీదకే, వాటిని బట్టి ఈ మొక్కని తీర్పు చెప్పకండి. ఇంటి పెరట్లో ఎందుకు పెంచాలంటే నా మొదటి కారణం జాగా కాదు, నీళ్ళు కాదు, ఇదే.

మూడో ఏడు మా అమ్మ ఆర్నెల్లు ఉండడానికి వచ్చింది. నేను ఇక్కడివాళ్ళలా ఆవిరి మీద నలభై నిమిషాలు ఉడికించి, వెన్న కరిగించి నిమ్మరసం పిండి పక్కన పెట్టా. ఎలా తినాలో చెప్పబోయేలోపు అమ్మ ఒక దొప్ప పీకి, పళ్ళ మధ్య పెట్టి గీకి, పిప్పి పక్కన పెట్టేసింది. "మునక్కాయే కదే" అంది. అంతే మరి. మునక్కాయ తినడం వచ్చిన మనిషికి ఆర్టిచోక్ తినడం నేర్పక్కర్లేదు. దొప్పలన్నీ ఐపోయాక మధ్యలో నూగు ఉంటుంది, అది గొంతులో ఇరుక్కుంటుంది, స్పూన్‌తో గీకి పారెయ్యాలి. దాని కింద మిగిలేదే హార్ట్ అంటారు, మెత్తగా, కమ్మగా, ఉడికిన పనసగింజకీ లేత కొబ్బరికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది ఆ రుచి. తిన్నాక అమ్మ మంచినీళ్ళు తాగి గ్లాసులోకి చూసింది. "ఇదేంటే తియ్యగా ఉన్నాయి? ఉసిరికాయ తిన్నట్టుంది." ఆర్టిచోక్‌లో సైనరిన్ అని ఒక పదార్థం ఉంది, దాని తర్వాత తాగిన నీళ్ళు కాసేపు తియ్యగా తోస్తాయి, దానిమీద 1972లోనే పరిశోధన పేపర్ వచ్చింది. అమ్మకి ఆ గొడవ అక్కర్లేకుండానే ఉసిరికాయ గుర్తొచ్చింది.

మర్నాడు అమ్మ చిన్న మొగ్గలు పది కోయించింది. పై దొప్పలు తీసి, కొసలు కోసి, సన్నగా తరిగి వెంటనే నిమ్మరసం పిండిన నీళ్ళలో వేసింది, లేకపోతే వంకాయకన్నా వేగంగా నల్లబడుతుంది, ఇనప మూకుడు కూడా వద్దు, స్టీలు గిన్నే మంచిది. పసుపూ ఉప్పూ వేసి ఉడికించి, వార్చి, కాస్త చింతపండు రసం, శనగపప్పు మినప్పప్పు ఎండుమిర్చి ఇంగువ కరివేపాకు పోపు, స్టవ్ కట్టేశాక ఆవముద్ద. వేడి మీద ఆవ వేస్తే చేదెక్కుతుంది. అరటిపువ్వు ఆవపెట్టిన కూర ఎలా చేస్తామో అలాగే, లోపలి గట్టి పుల్ల, పల్చటి పొర ఒక్కో పువ్వుకీ తీసే చాకిరీ మాత్రం లేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏప్రిల్ అంటే ఆ కూరే. పనసపొట్టు దొరకని దేశంలో పనసపొట్టు మీద బెంగ కూడా కొంత తీరింది.

ప్రతి ఏడూ ఒక మొక్కకి రెండు మొగ్గలు కొయ్యకుండా వదిలేస్తాను. జూన్లో అరచేయంత ఊదా పువ్వు విచ్చుకుంటుంది, తేనెటీగలు అందులో పడి దొర్లుతాయి, ఒక్కో పువ్వులో నాలుగైదు. జహీరాబాద్ నుంచి వచ్చిన మా ఫ్రెండ్ అది చూసి, "మా కుసుమపువ్వు లెక్కనే ఉందిరా, రంగొక్కటే వేరు" అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం, రెండూ ఒకే కుటుంబంలో ఒకే తెగ మొక్కలు. వాళ్ళ తాత జొన్నచేను చుట్టూ గొడ్లు రాకుండా కుసుమ వేసేవాడట, ముళ్ళుంటాయి కదా. దానికి దాయాది మా కంచె పక్కన నిలబడి ఉంది.

అందరూ పెట్టుకోవాలని నేను అనను. అపార్ట్‌మెంట్ బాల్కనీ ఐతే వద్దు, కుండీలో దీనికి సుఖం లేదు. ఉన్నదే ఒక్క మడైతే గోంగూరే వేసుకోండి, నేనైనా అదే చేస్తాను. మొదటి ఏడు నాకు రెండు మొక్కల మీద వచ్చినవి ఐదు మొగ్గలు, అది చూసి పీకేసుంటే ఈ వ్యాసం లేదు, పోయినేడు మూడింటి మీద నలభై దాటాయి. రెండేళ్ళు ఓపిక లేనివాళ్ళకి ఇది కాదు. కానీ సొంత పెరడు ఉండి, చలికాలం ఆర్నెల్లు ఆ నేలని ఖాళీగా వదిలేసి, సముద్రపు చలిగాలీ వానా దానిమీదుగా అలా వెళ్ళిపోతుంటే, మళ్ళీ మే నెల్లో బెండ మొలక పసుపెక్కిందని దిగులుపడే మనవాళ్ళని చూస్తే మాత్రం నాకు ఊరుకోబుద్ధి కాదు.

పక్కింటి తాతగారు పోయినేడు ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి సాక్రమెంటో వెళ్ళిపోయారు. కొన్నవాళ్ళు పెరడంతా తవ్వించి ప్లాస్టిక్ గడ్డి పరిపించారు. ఆయన మొక్కలు, వాళ్ళ నాన్నగారు హాఫ్ మూన్ బే నుంచి తెచ్చిన దుంపల పిల్లలు, ఇప్పుడు నాకు తెలిసి మా పెరట్లోనే ఉన్నాయి. వెళ్ళేముందు కంచె దగ్గర నిలబడి మా మొక్కలకేసి చాలాసేపు చూశారు, పిలకలు విడదీసే టైమైంది మర్చిపోవద్దని చెప్పారు.

వాటిలో అన్నిటికన్నా పాతదాన్ని ఈ అక్టోబర్లో తవ్వుతున్నాను. ఆరేడు పిలకలు రావచ్చు, నాకు రెండు చాలు. ఫ్రీమాంట్, యూనియన్ సిటీ, మిల్పిటాస్ వైపు ఉన్నవాళ్ళెవరికైనా కావాలంటే తడి పేపర్లో చుట్టి ఇస్తాను. గుంట ముందే తవ్వి, మెష్ బుట్ట రెడీగా పెట్టుకుని రండి. పిలక ఒక్క రోజు కూడా బయట ఎండకూడదు.